రేకుల ఇంటి వాన

అమ్మలూ,

నీ మూడో తరగతి పిల్లల చేత ఋతువుల మీద సంగీతం కట్టించాలని ఉందనీ, ముందు ఏ పాట నేర్పమంటావనీ అడిగావు. ఏ పాటా వద్దమ్మా. ముందు విననివ్వు.

నేను కొత్తగా పాఠాలు చెప్పేటప్పుడు, ఒక శ్రావణమాసంలో అమృతవర్షిణి రాగం ఆరోహణ అవరోహణలు పాడించి, వానంటే ఇదేనన్నాను. వెనక వరస పిల్లవాడొకడు లేచి, "మా ఇంట్లో వాన ఇలా ఉండదు టీచర్" అన్నాడు. వాళ్లది రేకుల ఇల్లు. మర్నాడు గుప్పెడు చింతపిక్కలు తెచ్చి, స్టీలు కంచం బోర్లించి, ముందు ఒక్కొక్కటిగా జారవిడిచాడు. తర్వాత గుప్పిలి వదిలేశాడు. ఆ హోరు ఆగాక, చూరు కింద గిన్నెలో పడే బొట్టులాగా కంచం అంచు మీద వేలితో తట్టాడు. టంగ్... చాలాసేపటికి మరో టంగ్. క్లాసంతా ఊపిరి బిగబట్టి వింది. ఎత్తుగడ, ఉధృతి, ముగింపు అన్నీ వాడి వానలో ఉన్నాయి. నాదే తొందరపాటు.

అందుకే ఒక్కొక్కరినీ ఇంటి నుంచి ఒక్కో చప్పుడు పట్టుకురమ్మను. శిశిరానికి ఎండుటాకులు నలపవచ్చు. హేమంతానికి హరిదాసు చిడతలున్నాయి, గంగిరెద్దుల సన్నాయి ఉంది. శరత్తుకైతే, తెలంగాణ పిల్లలుంటే బతుకమ్మ చప్పట్లు వాళ్లే మొదలెడతారు. గ్రీష్మం దగ్గర మాత్రం కాస్త నిలబడు. ఎండ అనగానే పిల్లలు డప్పు బాదినట్టు బాదేస్తారు. జ్యేష్ఠమాసం మిట్టమధ్యాహ్నం వీధి ఎలా ఉంటుందో అడుగు. అప్పుడు చేతులు ఆపుతారు. నిశ్శబ్దాన్ని కూడా లెక్కపెట్టి వాయించాలని అక్కడే తెలుస్తుంది.

చప్పుళ్లు కుదిరాక స్వరాలివ్వు. ఐదు చాలు, మోహన రాగానివి: స రి గ ప ద. కీబోర్డు మీద మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జంగా పట్టుకుంటే, నల్లమెట్లన్నీ మోహనే. ఏ మెట్టు నొక్కినా కర్ణకఠోరంగా ఉండదు కాబట్టి, భయపడే పిల్ల కూడా చెయ్యి వేస్తుంది. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ కూడా పిల్లలకు ఐదు స్వరాలతోనే మొదలుపెట్టాడు. అక్కర్లేని పలకలు తీసేయడానికి వీలైన జైలోఫోన్లు ఆయన పద్ధతిలో వాడతారు.

కట్టినదాన్ని బొమ్మల్లో రాయించు. చినుక్కి చుక్క, గాలికి వంకర గీత, నిశ్శబ్దానికి ఖాళీ గడి. వేరే పిల్లలు ఆ కాగితం చూసి వాయించగలిగితే అది నొటేషనే.

ఇదంతా అయ్యాక స్వరకర్త వివాల్డి 'నాలుగు ఋతువులు' వినిపించు. 1725లో అచ్చయింది. వసంతం రెండో భాగంలో మేకలకాపరి నిద్రపోతుంటే పక్కన కుక్క మొరుగుతుంది. ఆ మొరుగుడు వయోలాది. నువ్వు చెప్పకు, ఎక్కడుందో వాళ్లనే పట్టుకోమను. ముందే వినిపిస్తే మాత్రం అందరూ దాన్నే అనుకరిస్తారు, ఎవరి వాన వాళ్లకు దొరకదు.

ఈ సోమవారం కంచం, చింతపిక్కలు తీసుకెళ్లు. పిల్లలు కట్టిన మొదటి వానను ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపు.

నీ
అత్తయ్య