బ్రకోలీ పచ్చదనం పోకుండా

ప్రశ్న: ఆదివారం తెచ్చిన బ్రకోలీ బుధవారానికే పసుపు రంగుకు తిరుగుతోంది. తెచ్చిన రోజే శుభ్రంగా కడిగి, కవర్లో గట్టిగా ముడేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.
– గృహిణి, ఖమ్మం

జవాబు: ముందు ఆ కడగడం మానేయండమ్మా. మొగ్గల సందుల్లో చేరిన నీరు ఎంత తుడిచినా పోదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మనం తినే పువ్వంతా విచ్చుకోని మొగ్గలే. కోశాక కూడా అవి జోరుగా శ్వాసిస్తూనే ఉంటాయి. గాలాడకుండా బిగిస్తే వాసనొస్తుంది, వెచ్చగా ఉంటే పసుపెక్కుతాయి. ఫ్రిజ్‌లో దాని పక్కన ఏముందో కూడా చూడండి. యాపిల్, పండిన అరటి, మామిడి వదిలే ఇథిలీన్ వాయువు దాన్ని ఇంకా తొందరగా ముదరబెడుతుంది. పళ్లు వేరే అరలోకి మార్చండి. కవరుకు నాలుగు చిల్లులు పెట్టి, మూతి వదులుగా మడిచి, కూరల డ్రాయర్‌లో ఉంచితే నాలుగైదు రోజులు ఢోకా ఉండదు. అయితే మన ఎండల్లో పొద్దంతా బండి మీద ఉన్న పువ్వును ఏ ఫ్రిజ్జూ కాపాడలేదు. మొగ్గలు బిగుతుగా, ముదురాకుపచ్చగా ఉండి, కాడ కోసిన చోట ఇంకా ఎండనిదే కొనండి.

ప్రశ్న: కాలీఫ్లవర్ లాగే చింతపండు రసం పోసి, మూత పెట్టి ఉడికించాను. రంగు బురదలా అయింది, ఇల్లంతా కుళ్లిన గుడ్డు వాసన. పిల్లలు ముట్టుకోలేదు.
– ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: రెండూ క్యాబేజీ జాతివే అయినా కాలీఫ్లవర్‌కు చెల్లిన పద్ధతి దీనికి చెల్లదు. పులుపు తగిలినా, ఆరేడు నిమిషాలకు మించి ఉడికినా ఆకుపచ్చ రంగు విరిగిపోతుంది. మూత పెట్టి ఉడికిస్తే కూరలోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో బయటికి పోకుండా మళ్లీ అందులోకే దిగుతాయి. ఆ వాసన గంధకానిది. ఎంత ఉడికిస్తే అంత పెరుగుతుంది.

ఈసారి ఇలా చేసి చూడండి. ఉప్పు, చిటికెడు పసుపు కలిపిన నీళ్లలో పువ్వును తలకిందులుగా పది నిమిషాలు ముంచండి. ఆకుపచ్చ పురుగు ఆకుపచ్చ మొగ్గల్లో కంటికి ఆనదు, నీళ్లలో అయితే బయటపడుతుంది. తర్వాత రెమ్మలుగా తరిగి అరగంటో ముప్పావుగంటో వదిలేయండి. ఇది ఊరికే చెప్పడం లేదు. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలలే బృందం బ్రకోలీ నుంచి సల్ఫోరాఫేన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. మన ఒంట్లో విషపదార్థాలను వదిలించే ఎంజైములను అది పురిగొల్పుతుంది. పువ్వును తరిగినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేస్తేనే అది తయారవుతుంది. తరిగీ తరగగానే పొయ్యి మీద పెడితే ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది.

ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక చిల్లుల ప్లేటు మీద రెమ్మలు పేర్చి మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టండి. ఆ కాస్త సేపటికి మూత ఉన్నా ఫర్వాలేదు. రంగు ఒక్కసారిగా తేటపడుతుంది, చాకు మొన కాడలోకి కొంచెం ఆనుతూ దిగుతుంది. వెంటనే తీసేయండి. మూకుట్లో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి, రెమ్మలు ఒక్క తిప్పు తిప్పి దించండి. వేడి తగ్గాక, పచ్చి ఆవాలు ఉప్పుతో నూరిన ముద్ద ఒక చెంచా కలపండి. అరటికాయకు, పనసపొట్టుకు ఆవ పెట్టినట్టే. పచ్చి ఆవాల్లోనూ ఆ మైరోసినేజే ఉంటుంది, వంటలో పోయినదాన్ని ఇది భర్తీ చేస్తుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ శక్తి ఉండదు. నిమ్మరసం కావాలంటే కంచంలోనే పిండుకోండి.

ప్రశ్న: కాడ పారేయాల్సిందేనా?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: అయ్యో, వద్దు బాబూ! పైన పీచు తొక్క మందంగా చెక్కేస్తే లోపలిది లేతగా, తియ్యగా ఉంటుంది. పప్పులో వేసినా, పచ్చడి చేసినా బాగుంటుంది.

ప్రశ్న: నాకు థైరాయిడ్ ఉంది. మావారు గుండె ఆపరేషన్ తర్వాత వార్ఫరిన్ వాడుతున్నారు. మేం తినొచ్చా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ సంగతి సులువే. అయోడైజ్డ్ ఉప్పు వాడుతూ, ఉడికించి, మామూలు కూర మోతాదులో తింటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పచ్చి బ్రకోలీ రసాలు మాత్రం వద్దు. మీవారి విషయంలో జాగ్రత్త అవసరం. 100 గ్రాముల పచ్చి బ్రకోలీలో దాదాపు 100 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది, అది వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది. ఒక వారం బాగా తిని మరో వారం పూర్తిగా మానేయడమే ప్రమాదం. ఎంత తినాలో డాక్టరుగారిని అడిగి, రోజూ ఆకుకూరలతో కలిపి అదే మోతాదులో ఉంచండి. ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పించొద్దు.

ప్రశ్న: ఇక్కడ ఫ్రోజెన్ ప్యాకెట్టే చవక. కానీ కూర నీళ్లోడుతోంది.
– పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: గడ్డ కరిగించకండి, వెడల్పాటి పెనం బాగా కాలాక నేరుగా వేసి, మూత లేకుండా పెద్ద మంట మీద నీరు ఎగరనివ్వండి. ప్యాకెట్‌లో పోసేముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు కాబట్టి దానికి మళ్లీ ఉడకబెట్టే పని లేదు. ఎంజైము కూడా ఆ వేడికే పోతుంది. పైన చెప్పిన ఆవముద్ద మీకే ఎక్కువ అవసరం. నూరే ఓపిక లేకపోతే వేయించని ఆవపిండి అరచెంచా చల్లుకోండి.