ఆ బటన్ నొక్కే ముందు: మార్చింగ్ బ్యాండ్‌కి పికోలో

రాత్రి తొమ్మిదిన్నరకి పక్క వీధి విజయవాడ అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, మావాడికి మార్చింగ్ బ్యాండ్‌లో పికోలో వాయించమన్నారు, అదే ఆ బుల్లి ఫ్లూట్. ఆన్‌లైన్‌లో నూట ఇరవై డాలర్లకే ఉంది, ఎల్లుండికి వచ్చేస్తుంది. కొనేయనా?" ఆగమన్నాను. మూడేళ్ల కిందట ఆ కొనుగోలు బటన్ నేనూ నొక్కినదాన్నే.

డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ల ఇళ్లలో ఏటా వేసవి చివర ఇదే హడావుడి. ఆగస్టులో బ్యాండ్ క్యాంపు, ఆ వెంటనే శుక్రవారం రాత్రుళ్లు ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం మీద కవాతు చేస్తూ వాయించడం. ఆఫీసు నుంచి వచ్చి, వంట ముగించి, పడుకోబోతూ ఫోన్లో కొనేస్తాం. నేను కొన్నదాని మీద పేరున్న కంపెనీ ముద్ర లేదు. పెట్టె మాత్రం భలే ముద్దుగా ఉంది. రెండో వారానికే ఒక కీ వంగింది. రిపేరు షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి విడిభాగాలు దొరకవన్నాడు. అసలు బాధ డబ్బు పోయినందుకు కాదు. ఆ రెండు వారాలూ మా అమ్మాయి తనకే వాయించడం రావడం లేదనుకుంది.

కాబట్టి మొదటి పని బ్యాండ్ డైరెక్టరుకి రెండు వాక్యాల మెయిల్: స్కూలు పికోలో ఉందా, లేకపోతే ఏ రకం కొనమంటారు? చాలా స్కూళ్లకి సొంత పికోలోలు ఉంటాయి. ఇస్తామంటే తీసుకోండి. సంతకం పెట్టే ముందు పాడైతే రిపేరు ఖర్చు ఎవరిదో, ఎప్పుడు తిరిగివ్వాలో మాత్రం చదవండి.

కొనక తప్పకపోతే ముందు తేల్చుకోవాల్సింది అది దేంతో చేసిందన్నది. మంచి పికోలో అంటే చెక్కదేనని ఎవరో ఒకరు చెబుతారు. హాల్లో కచేరీకి ఆ మాట నిజమే. గ్రెనడిల్లా అనే ఆఫ్రికా నల్లచెక్కతో చేసినవాటి నాదం మెత్తగా ఉంటుంది. కానీ వానాకాలంలో మన ఊళ్లలో తలుపు ఉబ్బి గడపకి పట్టేయడం చూశారు కదా? చెక్క గుణమే అంత. ఊపిరి తడికి లోపలివైపు ఉబ్బుతుంది, ఎండకో చలిగాలికో బయటివైపు బిగుస్తుంది, మధ్యలో పగులుతుంది. వేల డాలర్ల వస్తువుని నలభై డిగ్రీల ఎండలో గడ్డి మీదికి పంపే పని పెట్టుకోకండి. పిల్లలు పెద్ద బ్యాండ్‌లో స్వరకర్త సూసా రాసిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్‌లోని పికోలో భాగం వాయించే రోజున చెక్కదాని సంగతి చూసుకోవచ్చు.

మైదానానికి ప్లాస్టిక్ ఒళ్లున్నదే మేలు. తల భాగం ప్లాస్టిక్‌దీ దొరుకుతుంది, లోహందీ దొరుకుతుంది. లోహపు తలకి ఫ్లూట్‌కి ఉన్నట్టే పెదవి ఆనించే పళ్లెం ఉంటుంది గనక, ఫ్లూట్ నుంచి వచ్చే పిల్లలకి తొందరగా అలవాటవుతుంది. యమహా వైపీసీ-32 ఈ తరహాది. గెమైన్‌హార్ట్ 4పీ పూర్తిగా ప్లాస్టిక్‌ది. నన్నడిగితే ఊరూ పేరూ లేని కొత్తదానికన్నా, షాపువాళ్లు కీల కింది ప్యాడ్లు సరిచూసి ఇచ్చిన పాత యమహానే కొంటాను. మొత్తం లోహంతో చేసినవీ ఉన్నాయి, వాటి గొంతు మరీ కీచుమంటుందని నా అభిప్రాయం.

షాపుకి మీరొక్కరే వెళ్లకండి. వాయించేవాళ్లని, వాళ్ల ఫ్లూట్‌ని, ఫోన్లో ట్యూనర్‌ని తీసుకెళ్లండి. కింది డి నుంచి మెల్లగా పైకి వాయించమనండి. చాలా పికోలోలకి డి కంటే కింది స్వరం ఉండదు, సి పలకలేదని కంగారు పడకండి. మూడో స్థాయిలో ఇ, జి షార్ప్ దగ్గర చెవి పెట్టండి. తేలిగ్గా పలకని స్వరాలవి, అక్కడ ట్యూనర్ ఏం చెబుతుందో కూడా చూడండి. తర్వాత పల్చటి కాగితం ముక్కొకటి ప్యాడ్‌కీ రంధ్రానికీ మధ్య పెట్టి, కీ మెల్లగా మూసి కాగితాన్ని లాగండి. చుట్టూ ఒకేలా పట్టుకోవాలి. ఒకవైపు జారిపోతే గాలి కారుతున్నట్టే. తల అతికేచోట కార్కు మరీ వదులుగా ఉంటే, కవాతు కుదుపుకి శ్రుతి నిలవదు.

శ్రుతి అన్నాను కదా. సెప్టెంబరు ఎండకి అది పైకి పోతుంది, తల కొంచెం బయటికి లాగాలి. నవంబరు చలికి కిందికి దిగుతుంది, వాయించే ముందు వెచ్చటి ఊపిరి లోపలికి వదులుతూ ఉండాలి. పికోలో రాసినదానికి ఒక స్థాయి పైన పలుకుతుంది. ఇరవై ట్రంపెట్ల మధ్య ఒకడి తప్పు దాగుతుందేమో గానీ, పికోలో తప్పు పార్కింగ్ లాట్ దాకా వినిపిస్తుంది.

అన్నట్టు, చెవుల సంగతి. పనిచేసే చోట ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్స్ దాటిన శబ్దం పడకూడదని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు. పై స్వరాల్లో పికోలో ఆ గీత తేలిగ్గా దాటుతుంది, అదీ కుడిచెవి పక్కనే. సంగీతకారుల చెవి ప్లగ్గులు కొనండి, కనీసం కుడి చెవికైనా పెట్టుకోమనండి. మొదట్లో పెదవి తొందరగా అలసిపోతుంది, రోజుకి పది నిమిషాలు చాలు. మీరు ఇంటి నుంచి పనిచేస్తుంటే మీటింగులు చూసుకుని ఆ పది నిమిషాలు పెట్టండి. మా అమ్మ వీడియో కాల్లో విని, "పిల్లనగ్రోవికి పిల్ల పుట్టినట్టుందే" అంది. అవతల మా మేనేజర్ మాత్రం స్మోక్ అలారం అనుకున్నాడు.

వాడకంలో రెండే జాగ్రత్తలు. ఎండలో ఆపి ఉంచిన కార్లో వదలకూడదు, వెనక జేబులో పెట్టుకుని కూర్చోకూడదు. రెండోది మేం రిపేరు బిల్లు కట్టి నేర్చుకున్నాం.

పక్క వీధి అమ్మాయి మర్నాడు మెయిల్ పెట్టింది. స్కూలు బీరువాలో ఒకటుందట, కార్కు మార్పించి ఇస్తామన్నారట. ఆ నూట ఇరవై డాలర్లలో ముప్పై డాలర్లు చెవి ప్లగ్గులకి పెట్టింది.