రొయ్యల ఎగుమతి: సాల్మొనెల్లా పరీక్షలో వర్తకులు గమనించవలసినవి

రొయ్యల కౌంటు బాగున్నా, ధర కుదిరినా, సాల్మొనెల్లా అనే క్రిమి బయటపడితే బేరం చెడినట్లే. ఈ క్రిమి కనిపించిన సరుకును అమెరికా ఆహార, ఔషధ సంస్థ దేశంలోనికి అనుమతించదు. కంటెయినరు రేవులో నిలిచిపోతే డెమరేజి, తిరుగు రవాణా ఖర్చు సాధారణంగా ఎగుమతిదారు నెత్తినే పడతాయి. అందుచేత విశాఖపట్నంలో సరుకు ఓడ ఎక్కకముందే పరీక్ష ముగియడం అవసరం.

నమూనాలోని క్రిములను పెంచి నిర్ధారించే పాత పద్ధతికి నాలుగైదు రోజులు పడుతుంది. ఎలీసా పరీక్షలో సుమారు రెండు రోజుల్లో ఫలితం తెలుస్తుంది. 1971లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ఈ పద్ధతిని ప్రకటించారు.

తాళానికి దాని చెవి పట్టినట్లు, సాల్మొనెల్లాను పట్టుకునే యాంటీబాడీలను చిన్న గుంటల అడుగున అతికిస్తారు. నమూనా ద్రవం పోసి కడిగినప్పుడు మిగతావి కొట్టుకుపోయి, ఆ క్రిమి మాత్రం నిలుస్తుంది. దానికి ఎంజైము తగిలించిన మరో యాంటీబాడీని చేరుస్తారు. మళ్లీ కడిగి, రంగునిచ్చే ద్రవం పోస్తారు. రంగు వస్తే క్రిమి ఉన్నట్లు.

అయితే మిల్లీలీటరుకు సుమారు 10 వేల నుంచి లక్ష క్రిములు ఉంటేనే రంగు తేలుతుంది. సరుకులో ఉండేవి కొద్దిపాటి క్రిములే కావచ్చు. కనుక 25 గ్రాముల నమూనాను ముందుగా పోషక ద్రవంలో ఉంచి, వాటిని పెంచవలసిందే. గంటలోపే ఫలితం ఇస్తామనే కిట్లు చెప్పేది చివరి అంచెకు పట్టే సమయమే. పెంపకం లేకుండా ఇచ్చిన 'లేదు' అనే రిపోర్టును నమ్మి సరుకు పంపడం ప్రమాదం.

'ఉంది' అని వచ్చినా అది తుది తీర్పు కాదు. దగ్గరి జాతి క్రిములకు కూడా యాంటీబాడీలు అంటుకోవచ్చు. పాత పద్ధతిలో నిర్ధారణ అయ్యేవరకు ఆ లాటును విడిగా నిలపడం మంచిది.

మరొక సంగతి. క్రిములు సరుకంతటా సమంగా ఉండవు. ఒక్క పెట్టె నమూనా కంటెయినరు మొత్తానికి పూచీ కాదు. వేర్వేరు పెట్టెల నుంచి నమూనాలు తీయించాలి. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా పూర్తిగా చావదు. శుభ్రమైన నీరు, ఐసు, పనివారి చేతుల శుభ్రత లేనిదే ఏ పరీక్షా సరుకును కాపాడలేదు.

రిపోర్టు చేతికి రాగానే నమూనాల సంఖ్య, బరువు, పెంపకం గంటలు, నిర్ధారణ పద్ధతి చూసుకున్న తరువాతే కంటెయినరుకు సీలు వేయించడం వర్తకులకు క్షేమం.