గిల్డా అంత తేలిగ్గా ఎలా క్షమించింది?

ప్రశ్న: 1946 నాటి హాలీవుడ్ చిత్రం 'గిల్డా' ఈమధ్యే చూశాను. అసూయతో తనను అంతగా వేధించిన జానీని నాయిక చివర్లో ఇట్టే క్షమించేస్తుంది. ఇది నమ్మేలా ఉందంటారా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సగం నమ్మొచ్చండీ. గిల్డా కూడా తక్కువదేం కాదు. జానీని ఉడికించడానికే పరాయి మగవాళ్లతో తిరుగుతున్నట్టు నటిస్తుంది. ఆ పంతాల వరకైతే తప్పు చెరిసగం. చివర్లో ఆమె కూడా దాదాపు ఆ మాటే అంటుంది.

కానీ జానీ చేసింది పంతం పట్టడం ఒక్కటే కాదు. పెళ్లి చేసుకుని, ఆమె ముఖం చూడకుండా, మనుషుల్ని కాపలా పెట్టి బ్వేనస్ ఐరిస్‌లో బందీని చేస్తాడు. మాంటెవీడియోకు పారిపోతే మోసంతో వెనక్కి రప్పిస్తాడు. క్యాసినోలో చెంప పగలగొడతాడు. వీటన్నిటినీ సర్దిచెప్పడానికి దర్శకుడు చార్లెస్ విడార్ తీసుకున్నది కొద్ది నిమిషాలే.

ఇంకోటి గమనించండి. జానీ మారేది ఆమె మాట విని కాదు, ఆమె ఏ తప్పూ చేయలేదని డిటెక్టివ్ ఒబ్రెగాన్ చెప్పాక. ఒకవేళ ఆమె నిజంగానే తిరిగి ఉంటే? ఆ ప్రశ్నను సినిమా దాటవేసింది. పైగా కథ చెప్పే గొంతు జానీదే. ఆమె మనసులో లెక్క ఎలా తేలిందో మనకు వినిపించదు.

గిల్డాగా రీటా హేవర్త్ నటనలో మాత్రం ఇంటికి వెళ్లిపోవాలన్న ఆరాటం కనిపిస్తుంది. నాకది క్షమ కన్నా అలసటగానే తోస్తుంది. అలా చూస్తే ముగింపు నమ్మదగ్గదే, కానీ సుఖాంతం అనలేను.