వైద్యవ్యయము – సహకారమార్గము

రైతు అప్పునకు కారణములను విచారించునపుడు విత్తనములు, ఎరువులు, కూలి, పెండ్లిఖర్చు అని లెక్కింతుము. రోగమును ఆ పట్టికలో చేర్చుట మఱతుము. పంటనష్టము ఒక యేటి ఫలమును హరించును. ఇంట నొకరికి కలిగిన పెద్దజబ్బు భూమినే హరింపగలదు. ఆసుపత్రి ఖర్చునకై రూ. 50,000 లను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు ఏటికి రూ. 18,000 వడ్డీయే చెల్లింపవలయును. అసలు అట్లే నిలిచియుండును. కావున ఈ వ్యయమును తగ్గించుట సహకారసంఘమునకు తగిన పనియే. అందులకు మూడు మార్గములు గలవు.

1. రోగమును ముదరనీయకుండుట

పైరునకు తెగులు సోకినదేమో యని ఆకు త్రిప్పి చూచు రైతు తన దేహమును మంచము పట్టుదాక చూడడు. రక్తపుపోటు, చక్కెరవ్యాధి బహుకాలము బాధ తెలియనీయక గుండెను, మూత్రపిండములను, మెదడును చెఱచును. పక్షవాతము వచ్చిన పిమ్మట లక్షలు వెచ్చించినను పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చును. ముప్పదియేండ్లు దాటిన ప్రతివారును ఏటికొకసారియైనను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వీనికి పరీక్ష చేయించుకొనవలయును. అచట రుసుము లేదు.

పిల్లలకు విరేచనములు పట్టినపుడు ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లమును ఒక లీటరు మంచినీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలయును. కలిపిన నీరు ఒకదినమునకు మించి ఉంచరాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులలో కలరా వ్యాపించినపుడు వైద్యుడగు దిలీప్ మహలనబీస్ పశ్చిమబెంగాలులోని బన్‌గావ్ వద్ద ఇట్టి ఉప్పుచక్కెరల నీటితోడనే అనేకుల ప్రాణములు నిలిపెను. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, విరేచనములో రక్తము కనబడినను జాగు చేయక వైద్యునికి చూపవలయును.

2. మందును గుణమునుబట్టి కొనుట

యూరియా ఏ కర్మాగారమున తయారైనను నూటికి 46 పాళ్లు నత్రజని యుండవలయును. సంచిమీది బొమ్మ పైరునకు బలమీయదు. మందులును ఇట్టివే. ఒకే మూలద్రవ్యము, ఒకే మోతాదుగల మాత్రలు వేర్వేరు వ్యాపారనామములతో వేర్వేరు ధరలకు అమ్ముడగుచున్నవి. మూలద్రవ్యము పేరుతో మందులను చౌకగా నమ్ముటకు ప్రభుత్వము 2008లో జనఔషధి దుకాణములను ప్రారంభించెను. నిత్యము మాత్రలు వాడువారికి ఇందువలన గొప్ప ఆదా కలుగును. మూలద్రవ్యము పేరును వ్రాసి యిమ్మని వైద్యుని అడుగుట తప్పుగాదు. అయితే వైద్యునితో చెప్పక మందు మార్చుటయు, మానుటయు కూడదు.

3. పొత్తునిధి

ఎంత జాగ్రత్తగా నున్నను కొన్ని రోగములు తప్పవు. అవి ఎవరికి వచ్చునో ముందు తెలియదు. వేలమందిలో కొందఱికి వచ్చుట మాత్రము నిశ్చయము. అందఱును కొంచెము కొంచెము కూర్చిన ఆ కొందఱి భారము తేలికపడును. కర్ణాటకమున సహకారసంఘముల రైతులకై 2003లో యశస్వినీ పథకము ఈ సూత్రముపై నడువసాగెను. మొదటియేట సభ్యుడొకనికి చందా రూ. 60 మాత్రమే. ప్రభుత్వమును తోడ్పడెను. సుమారు 16 లక్షలమంది చేరిరి. శస్త్రచికిత్సలకు ముందుగనే ధరలు నిర్ణయించుకొనుటచే ఆసుపత్రులు సభ్యులవద్ద విడిగా బేరమాడు నవకాశము లేకపోయెను. 2018లో నిలిచిన ఈ పథకమును 2022లో మరల ప్రారంభించిరి.

ఇందు మనము నేర్వవలసినవి రెండు. రోగులు మాత్రమే చేరినచో నిధి నిలువదు, ఆరోగ్యవంతులును చేరవలయును. ఒక్క గ్రామసంఘము ఇట్టి నిధిని భరింపజాలదు, రెండు పెద్దజబ్బులతో అది ఇంకిపోవును. కావున అనేక సంఘములు కలియవలయును. మన తెలుగునాట 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మార్గమున ప్రభుత్వమే పెక్కు చికిత్సల ఖర్చు భరించుచున్నది. అర్హతగలవారు పత్రములను రోగము రాకముందే సరిచూచుకొనవలయును. ఆపత్సమయమున కాగితములకై తిరుగుట కష్టము.

సంఘము చేయవలసినవి

సర్వసభ్యసమావేశమున ఈ మూడు తీర్మానములను చర్చింపవచ్చును:
(అ) ఏటికొకసారి సంఘభవనమున పరీక్షాశిబిరము జరుపుమని ఆరోగ్యకేంద్రమును కోరుట;
(ఆ) సభ్యుల ఆరోగ్యపత్రములను సరిచూచుటకు ఒకరిని నియమించుట;
(ఇ) వైద్యావసరములకై స్వల్పవడ్డీతో వెంటనే అప్పిచ్చుటకు లాభములో కొంత, నిబంధనలకు లోబడి, ప్రత్యేకించుట.

మూడవదానివలన సభ్యుడు ఆపదలో వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కడు. గట్టు తెగినపిమ్మట మన్ను మోయుటకంటె వానకు ముందే గట్టును పదిలపఱచుట మేలుగదా!