ఇంజను నాడి

ఉద్దేశం

యంత్రంలోని లోపాన్ని ఊహతో కాక పరిశీలనతో, క్రమపద్ధతిలో కనుగొనవచ్చునని తెలియజేయడం. పాత డీజిల్ లారీ ఇంజను పనితీరును పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వైద్యుడు రోగిని కూర్చోబెట్టి నాడి చూస్తాడు. అనుభవజ్ఞుడైన మెకానిక్ కూడా లారీని నిలిపి, యాక్సిలరేటరు మీద నుండి కాలు తీయించి, ఇంజను తనంత తాను తిరిగే చప్పుడు వింటాడు. ఈ స్థితిని ఐడ్లింగ్ అంటారు. వర్క్‌షాపు వాడుకలో దీనికే ‘స్లో’ అని పేరు. స్లోలో చప్పుడు సమంగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లే. అది ఎగసిపడుతూ తగ్గుతూ ఉన్నా, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతున్నా, ఉన్నట్టుండి ఆగిపోతున్నా లోపల ఏదో జబ్బు ఉన్నదని గ్రహించాలి.

ఇది చప్పుడుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మారేడుమిల్లి వంటి ఘాటు రోడ్డులో బరువుతో దిగుతున్న డ్రైవరు మలుపు దగ్గర గేరు మార్చడానికి క్లచ్ తొక్కుతాడు. ఆ క్షణంలో ఇంజను స్లోలో నిలవక ఆగిపోతే, బ్రేకులకు గాలిని అందించే కంప్రెసరు కూడా ఆగుతుంది. ట్యాంకులో మిగిలిన గాలి కొద్దిసార్లు బ్రేకు వేయడానికే సరిపోతుంది. పవర్ స్టీరింగు ఉన్న బండిలో చక్రం తిప్పడం కష్టమవుతుంది. చిన్నదిగా కనిపించే లోపం ఇలా ప్రాణాల మీదికి వస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను 1897లో విజయవంతంగా పనిచేసింది. అందులో ఇంధనాన్ని చొప్పించడానికి సంపీడిత వాయువు అవసరమయ్యేది. 1927లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ ఇంధన పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం ప్రారంభించిన తరువాత డీజిల్ ఇంజను లారీలలో సులభంగా ఇమిడింది. మన దేశంలో 1951లో ఏర్పడిన మైకో సంస్థ ఇటువంటి పంపులను, నాజిళ్లను తయారుచేసింది. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. ఎలక్ట్రానిక్ నియంత్రణ లేని పాత లారీలలో ఈ పంపే ప్రధానం.

ఆరు సిలిండర్ల ఇంజనుకు పంపులో ఆరు ప్లంజర్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క సిలిండరుకు డీజిల్‌ను నెడుతుంది. నాజిల్ ఆ డీజిల్‌ను పొగమంచు వంటి తుంపరగా చిమ్ముతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి సిలిండరుకు సెకనుకు 5 సార్లు డీజిల్ అందాలి. వేగం తగ్గితే డీజిల్‌ను పెంచేది, వేగం పెరిగితే తగ్గించేది గవర్నరు. స్లోలో ప్రతిసారి అందే డీజిల్ అతి స్వల్పం. కాబట్టి బరువు లాగేటప్పుడు తెలియని కొద్దిపాటి లోపం కూడా స్లోలో బయటపడుతుంది.

లోపాన్ని వెదకేటప్పుడు తేలికైన కారణాల నుండి కఠినమైన కారణాల వైపు వెళ్లాలి. యాక్సిలరేటరు కడ్డీ ఎక్కడైనా పట్టుకుంటున్నదా, గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నదా అని ముందుగా చూడాలి. డీజిల్ ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిపోతే, బండి కొంతసేపు బాగా నడిచి తరువాత నీరసిస్తుంది. మూత తీయగానే ‘స్స్’ అని గాలి లోపలికి పోయి ఇంజను కోలుకుంటే కారణం తెలిసినట్లే.

తరువాత చూడవలసినది ‘గాలి పట్టడం’. ట్యాంకు నుండి ఫీడ్ పంపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. ఆ భాగంలో పైపు కీలు వదులైతే డీజిల్ బయటకు కారదు. బయటి గాలే లోపలికి చేరుతుంది. ఫీడ్ పంపు దాటిన తరువాత వదులైతే డీజిల్ బయటకు కారుతుంది. అందువలన తడి కనిపించలేదు కాబట్టి పైపులు బాగున్నాయనుకోవడం పొరపాటు. ఫీడ్ పంపుకు విడిగా ఒక డబ్బా నుండి డీజిల్ అందించి చూడాలి. ఇంజను స్థిమితపడితే లోపం ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్యనే ఉన్నది. దానిని సరిచేసి, ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు చేతి పంపు కొట్టి, డీజిల్ వస్తుండగానే స్క్రూ బిగించాలి.

గాలి లేకపోయినా దెబ్బ తప్పుతుంటే సిలిండర్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఇంజను స్లోలో ఉండగా ఒక నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిల్ ఆగుతుంది. చప్పుడు మరింత తగ్గితే ఆ సిలిండరు అంతవరకు పనిచేస్తున్నదని అర్థం. ఏ మార్పూ లేకపోతే జబ్బు అక్కడే ఉన్నది. అప్పుడు ఇంజను ఆపి, ఆ నాజిల్‌ను మరొక సిలిండరు నాజిల్‌తో మార్చి చూడాలి. జబ్బు నాజిల్‌తో పాటు వెళితే దోషం నాజిల్‌ది. వెళ్లకపోతే వాల్వులను, కంప్రెషన్‌ను, పంపును అనుమానించాలి. ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. కనుక పంపును రోడ్డు పక్కన విప్పరాదు. పరీక్షాయంత్రం ఉన్న చోటికే పంపాలి.

ఒక హెచ్చరిక అవసరం. నాజిల్ నుండి వెలువడే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాజిల్ ముందు చేయి ఎన్నడూ పెట్టరాదు.

చాలామంది ఈ శ్రమ లేకుండా స్లో స్క్రూను తిప్పి వేగం పెంచుతారు. ఇంజను ఆగదు, యజమాని సంతోషిస్తాడు. కాని గాలి చేరే కీలు అలాగే ఉంటుంది, డీజిల్ వృథా అవుతుంది. జ్వరానికి కారణం వెదకక ఉష్ణమాపకాన్ని సవరించడం వంటిది ఈ పని. దాని ఫలితం అనుభవించేది ఆ బండిని ఘాటు దింపే డ్రైవరు.

నేటి లారీలలో కంప్యూటరు లోపానికి ఒక సంకేత సంఖ్యను చూపుతుంది. అయినా ఆ సంఖ్య వెదకవలసిన దిక్కును మాత్రమే సూచిస్తుంది. వినడం, చూడడం, ఒక సమయంలో ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం గమనించడం మానవుని పనే. శాస్త్రవేత్త ప్రయోగశాలలో పాటించే పద్ధతి ఇదే. నూనె మరకల చేతులతో మెకానిక్ పాటించేదీ ఇదే.

అర్థాలు

సంపీడిత వాయువు = ఒత్తిడితో కుదించిన గాలి
స్థిమితపడు = నిలకడ పొందు
ఉష్ణమాపకం = వేడిని కొలిచే సాధనం

ప్రశ్నలు

1. ఇంజనులోని చిన్న లోపాలు స్లోలోనే బయటపడడానికి కారణమేమి?
2. తడి కనిపించనంత మాత్రాన పైపులు బాగున్నాయని ఎందుకు చెప్పలేము?
3. నాజిల్ దోషాన్ని నిర్ధారించే విధానాన్ని వివరించండి.
4. స్లో స్క్రూ తిప్పి వేగం పెంచడాన్ని రచయిత దేనితో పోల్చాడు? ఆ పోలికలోని ఔచిత్యాన్ని చర్చించండి.