రేగడి దుమ్ము, 1/10 స్కేల్‌లో

పోయిన నెల క్లబ్ మీటింగ్‌లో "నీకొచ్చిన పని ఏదైనా ఒకటి నేర్పినట్టు రాయి" అన్నారు. నాకొచ్చిన పనులు రెండే. ఒకటి, రాత్రి రెండింటిదాకా కూర్చొని సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఎక్కడొచ్చిందో వెతకడం. రెండోది, బొమ్మ బండ్లు చేయడం. మొదటిది మీకందరికీ వచ్చు కాబట్టి రెండోది రాస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం, వత్తులు ఎక్కడైనా జారితే సర్దుకోండి.

మాది ఇచ్చోడ. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ పోయే దారిలో, 44వ నంబరు హైవే మీద. మా పెద్దబాపుకు ఒక పాత డీజిల్ జీపు ఉండేది. ఇచ్చోడ నుంచి సిరిచెల్మ వైపు, ఇంకా లోపలి ఊర్లకు సవారీలు కొట్టేవాడు. పుష్యమాసంలో నాగోబా జాతర వస్తే కేస్లాపూర్‌కు ట్రిప్పులు. లోపల పది మంది, వెనక మెట్టు మీద నలుగురు, పైన క్యారియర్ మీద మూటలు. ఈ ఎండాకాలం దాన్ని తుక్కుకు ఇచ్చేద్దామని ఇంట్లో అనుకున్నరు. నా సెలవులు అయ్యేలోపు వచ్చి తీసుకపోతామన్నరు. అంటే నాకున్న టైం ఐదు వారాలు. బండి పోకముందే దాని బొమ్మ అయిపోవాలి, ఎందుకంటే పోయినంక కొలవడానికి ఏమీ ఉండదు.

ముందు స్కేల్ సంగతి. మార్కెట్లో మిలిటరీ బండ్ల కిట్లు ఎక్కువగా 1/35లో వస్తాయి. ఈ వింత నంబరు ఎవరో లెక్కలేసి పెట్టింది కాదు. జపాన్‌లోని టమియా కంపెనీ 1960ల మొదట్లో ఒక ట్యాంకు బొమ్మ చేసినప్పుడు, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు చూసుకుంటే ఆ నంబరు వచ్చింది. అదే స్థిరపడిపోయింది. (మన కోడ్‌లో ఎవరో సీనియర్ పెట్టిన మ్యాజిక్ నంబర్ లాగా, ఇప్పుడు మారిస్తే అన్నీ పగుల్తాయి.) రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. 1/35లో అది 58 మిల్లీమీటర్లు, నా బొటనవేలంత. 1/10లో 203. నేను 1/10 తీసుకున్నా. చేతులకు పని దొరుకుతుంది, భాగహారం కూడా సుఖం.

టేపుతో కొలిచేటప్పుడు అన్నీ కొలవాల్సిన పని లేదు. టైరు మీద రాసుంటది చూడండి. 6.00-16 అంటే రిమ్ము 16 అంగుళాలు, టైరు వెడల్పు 6 అంగుళాలు. పాత రకం టైరులో ఎత్తు కూడా దాదాపు వెడల్పంతే, కాబట్టి మొత్తం 16 + 6 + 6, సుమారు 28 అంగుళాలు, 71 సెంటీమీటర్లు. బొమ్మకు 71 మిల్లీమీటర్లు. ఇక టైరు బండి పక్కన నిలబడి ఫోటో తీస్తే, ఆ ఫోటోలో టైరే మీ స్కేలు. మిగతా కొలతలన్నీ దాంతో పోల్చి తీసుకోవచ్చు. ఫోటో మాత్రం దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే బానెట్ ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు: మందం. బండి రేకు మందం ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. 1/10లో 0.1 మిల్లీమీటరు, అంటే మన రికార్డు రాసే ఏ4 కాగితమంత! నేను వాడింది ఫ్లెక్సీ షాపులో మిగిలిపోయిన 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. అలాగే వదిలేస్తే రెండు సెంటీమీటర్ల ఇనుప పలకతో చేసిన బండి లాగా, బ్యాంకు లాకర్‌కు చక్రాలు పెట్టినట్టు ఉంటుంది. కానీ చూసేవాళ్ళకు మందం తెలిసేది అంచు దగ్గరే. అందుకే మధ్యలో వదిలేసి, ఫెండర్ అంచు, డోరు అంచు, బానెట్ అంచు మాత్రం లోపలి వైపు నుంచి గరుకు కాగితంతో ఏటవాలుగా అరగదీయాలి. నాకు దీనికే వారం పట్టింది. వేళ్ళ మీద తోలు కూడా 0.1 మిల్లీమీటరుకు వచ్చింది.

ఇరుసులకు సైకిల్ పుల్లలు, సీటు కింద ఫ్రేముకు పొణికి కట్టె ముక్కలు. పొణికి అంటే మన నిర్మల్ బొమ్మలు చేసే కట్టె. తేలిక, మెత్తన, బ్లేడుతో కూడా కోసుకోవచ్చు. నిర్మల్ కళాకారులు అతుకులకు, సందులకు చింతగింజల బంకలో కట్టెపొట్టు కలిపి పూస్తారు. నేనూ చేసి చూసిన. ఫెవిక్విక్ లాగా తొందర పెట్టదు, ఆరేదాకా సర్దుకునే టైం ఇస్తుంది, ఆరినంక గరుకు కాగితానికి చక్కగా లొంగుతుంది. టైర్లకు పాత హవాయి చెప్పులు. మీలో ఊరి పిల్లలెవరికైనా ఇది చెప్పక్కర్లేదు, మన మొదటి వీల్ ఇంజనీరింగ్ అదే కదా.

బాడీ అయిపోయింది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. కొత్త బండి చేయడం సులువు, పాత బండి చేయడమే కష్టం.

తుప్పు నుంచి మొదలుపెడదాం. కిటికీ గ్రిల్స్‌కు కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తెలుసు కదా? దాని రంగు వచ్చేది ఐరన్ ఆక్సైడ్ నుంచి. తుప్పు కూడా ఐరన్ ఆక్సైడే. కాబట్టి మొదటి పూత అదే, స్ప్రే డబ్బాలో దొరుకుతుంది. దాని మీద అక్కడక్కడ ముదురు గోధుమ రంగు స్పాంజితో అద్దాలి, పాత తుప్పు నల్లబడుతుంది కాబట్టి. అది పూర్తిగా ఆరినంక, పైరంగు ఎక్కడ లేచిపోవాలో అక్కడ నీటితో తడిపి ఉప్పు చల్లండి. నీళ్ళు ఆరితే ఉప్పు అతుక్కుంటుంది. ఇప్పుడు పైన బండి రంగు, మాది ముదురు ఆకుపచ్చ, స్ప్రే కొట్టాలి. బ్రష్షుతో నీళ్ళ రంగు వేస్తే ఉప్పు కరిగిపోతుంది, జాగ్రత్త. ఆరినంక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలి కింద తుప్పు బయటపడుతుంది. ఉప్పుకూ స్కేల్ ఉంటుంది. సన్న ఉప్పు గింజ అర మిల్లీమీటరు లోపే, అంటే అసలు బండి మీద అర సెంటీమీటరు లోపు పెచ్చు. దొడ్డుప్పు గింజ మూడు మిల్లీమీటర్లుంటే, మూడు సెంటీమీటర్ల పెచ్చు. రెండూ కలిపి వాడాలి. ఒకటే సైజు వాడితే బండికి తట్టు పోసినట్టుంటుంది.

ఎక్కడ చల్లాలి అన్నది ఉప్పు కన్నా ముఖ్యం. నేను ఒక రోజంతా జీపు చుట్టూ తిరిగి చూసిన. నీళ్ళు నిలిచే చోట తుప్పు: డోరు అడుగు, ఫెండర్ మడత, ఫ్లోరు మూలలు. కానీ జనం పట్టుకునే వెనక కడ్డీ మీద తుప్పు లేదు! రంగు పోయింది, ఇనుము మెరుస్తోంది. ఇన్నేళ్ళు ఇన్ని చేతులు రోజూ రుద్దితే తుప్పుకు కూర్చునే టైం ఏది? అక్కడ 6బీ పెన్సిల్ పొడి వేలితో రుద్దితే అచ్చం అరిగిన ఇనుములాగే మెరుస్తుంది. వెనక మెట్టుకు కుడివైపు ఎక్కువ అరుగుదల, ఎడమవైపు తక్కువ. ఎందుకని పెద్దబాపునడిగితే "ఎడమ దిక్కు సైలెన్సర్ పొగ కొడ్తది, ఎవడు నిలబడ్తడు?" అన్నడు. అట్లాంటివి ఏ వీడియోలోనూ దొరకవు.

తర్వాత బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో టీ అంత పల్చగా కలిపి సందుల్లోకి పారించి, పైపైన గుడ్డతో తుడవాలి. బండి రంగు ఇనామిల్ అయితే మాత్రం ఈ పని చేయొద్దు, టర్పెంటైన్ దాన్ని కూడా కరిగిస్తుంది. నా మొదటి ఫెండర్ అట్లనే పోయింది.

ఇక దుమ్ము. ఇక్కడే పెద్ద దెబ్బ తిన్నా. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ ఆఫ్‌రోడ్ మోడల్స్ చూసి, అదే నారింజ రంగు ఎడారి దుమ్ము, చాక్‌పీసులు నూరి మరీ కొట్టిన. ఫోటోల్లో అదిరిపోయింది. హాస్టల్ గ్రూపులో యాభై ఫైర్ ఎమోజీలు. పెద్దబాపు చేతిలోకి తీసుకొని, కళ్ళద్దాలు పైకి లేపి చూసిండు. "మంచిగనే ఉంది గని, ఇది మన బండి కాదు బిడ్డా. ఇది యాడి దుమ్ము?" అన్నడు.

నిజమే. మా దిక్కు పశ్చిమాన నేల దక్కన్ ట్రాప్ అనే లావా రాయి అరిగి వచ్చిన నల్ల రేగడి. పత్తి పండే నేల. వానాకాలంలో అది టైరుకు అంటుకుంటే సబ్బులాగా జారుతుంది, వదలదు. ఎండితే నలుపు పోయి బూడిద రంగు. లోపలి ఊర్ల రోడ్ల మీద పోసే మొరం మాత్రం ఇటుక రంగు. మా జీపు బతుకంతా ఈ రెంటి మధ్యే. ఎడారికి అసలు పోనే లేదు.

మొత్తం కడిగేసి, ఇంటి వెనక చేను నుంచి రేగడి, బాట మీది నుంచి మొరం రెండు డబ్బాల్లో తెచ్చుకున్నా. ఎండబెట్టి, నూరి, అమ్మ పాత చున్నీలో జల్లించిన. ఇక్కడ రేగడికి ఒక లాభముంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది, 1/10లో కూడా అది దుమ్ములాగే కనిపిస్తుంది. అదే ఇసుక రేణువు అర మిల్లీమీటరుంటే బండికి కంకర అంటుకున్నట్టుంటుంది. నష్టం కూడా ఉంది. రేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకొని పగులుతుంది. చక్రం బావి మీద మందంగా పూసిన మొదటి పూత తెల్లారేసరికి బీటలు వారి పెచ్చులుగా ఊడింది. మందు: నీళ్ళలో కొంచెం ఫెవికాల్, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. సబ్బు చుక్క తలతన్యత తగ్గిస్తుంది, అప్పుడు నీళ్ళు బొట్లుగా నిలబడకుండా పరుచుకుంటాయి. పల్చగా నాలుగు పూతలు, ఒక్కోటి ఆరినంకే ఇంకోటి. రేగడి చక్రాల చుట్టూ, కింది భాగాన. మొరం దుమ్ము పొడిగా, మెత్తటి బ్రష్షుతో వెనక తలుపు మీద, ఎందుకంటే నడిచే బండి వెనక గాలి సుడి తిరిగి దుమ్మంతా అక్కడే తెచ్చి పోస్తుంది. ముందు అద్దం మీద వైపర్ తిరిగేంత మేర వదిలేయాలి. మా జీపుకు వైపర్ ఒకటే పనిచేసేది, కాబట్టి నేను ఒకటే వంపు తుడిచిన.

జీపును సెలవులు ఇంకా నాలుగు రోజులుండంగ తీసుకపోయిన్రు. ఆ సాయంత్రం బొమ్మ పెద్దబాపు ముందు పెట్టిన. ఈసారి చాలాసేపు ఏమీ అనలేదు. కడ్డీ మీద వేలు పెట్టి చూసిండు. తర్వాత తిరగేసి అడుగున చూసి, "ఆయిల్ మరక ఏది?" అన్నడు. గేర్‌బాక్స్ కింద ఎప్పుడూ ఒక చుక్క వేలాడుతుండేది, నేను మర్చిపోయిన.

జీపు నిలబడే చోట వాకిట్లో చెయ్యంత నల్ల మచ్చ అట్లనే ఉండె. అగ్గిపుల్లతో అక్కడి మట్టి కొంచెం గీకి, గేర్‌బాక్స్ కింద అద్దిన.